పైషడ్జం మీద చుక్క

తాడిపత్రిలో నల్లబండను కోసినా
దుమ్ము తెల్లగానే లేస్తుంది.
పాత బస్టాండు వెనక నా డీటీపీ గదిలో
పొద్దున్నే కీబోర్డు బోర్లించి తడితే
రాలేది ఆ పాలిషు పొడే.

ఒకనాడు కుళ్లాయమ్మ వచ్చి
బియ్యం సంచిలోంచి నోటుబుక్కు తీసింది.
"మా నాయన నాదస్వరం స్వరాలన్నా.
చెదలు అట్ట దాకా వచ్చినాయి.
లోపలికి పోకముందే ఎక్కించు."

నూట పన్నెండు పేజీలు.
సగం, గురువు దగ్గర నేర్చిన పాత కీర్తనలు.
సగం, ఆయనే కట్టినవి.
వాన కోసం ఊరేగినప్పుడు ఒకటి,
పీర్లు లేచేటప్పుడు ఒకటి,
అప్పగింతలకు ఒకటి, ఆనందభైరవిలో.
దాని అంచున:
'డోలు తోలుకు నూటెనభై బాకీ.'

నాకు సంగీతం రాదు.
నాకొచ్చిందల్లా శుభలేఖలు, కర్మంతరం కార్డులు.
పక్కన స్టూలేసుకోని ఆమె చెప్పింది,
కామా అంటే ఒక లెక్క ఆగాలని,
సెమికోలనైతే రెండని,
చుక్క తలమీదుంటే పై స్థాయి, కాళ్లకిందుంటే కింది స్థాయి అని.
"చుక్కలు భద్రమన్నా,
పాట మెట్లెక్కేదీ దిగేదీ వాటితోనే."

నా ఫాంటులో ఆ చుక్కలు లేవు.
సున్నాను నలిపి నలిపి చిన్నది చేసి
ఒక్కో అక్షరానికీ బొట్టు పెట్టినట్టు పెట్టినాను.
స్క్రీను మీద దుమ్ము కూడా అంతే ఉండేది.
ఏది తుడిచినానో, ఏది వదిలినానో.

నలుగురు పిల్లగాళ్లకు పంపింది ఆమె,
నేర్చుకోండి, అమ్మొద్దు, నాయన పేరు తియ్యొద్దు అని.
ఒకని ఫోనులో 'ద' అంతా ఖాళీ పెట్టెలైంది.
ఇంకొకని ఫోనులో వరస విరిగి
తాళం పోయి పక్క వరసలో పడింది.
కదలకుండా పీడీఎఫ్ చేసి మళ్లీ పంపినాను.
కదలకపోవడం అక్షరాలకే. ఫైలు కదిలింది.

అంతకుముందే నోటరీ శ్రీకంఠయ్యను అడిగినాం.
"పాత కీర్తనలు కట్టినాయన పోయి
అరవయ్యేండ్లు దాటింటే అవి ఏటినీళ్లు, ఎవురైనా ముంచుకోవచ్చు.
మీ నాయన పోయి తొమ్మిదేండ్లే గదమ్మా,
ఆయన సొంతంగా కట్టినవి
ఇంకా యాభయ్యొక్కేండ్లు నీ ఇంటివి."
మరి కొట్టిన నాకో, అన్నాను.
"పేజీకి ఇరవై ఇచ్చిందా లేదా?"

మొన్న మాఘంలో, యాడికిలో పెండ్లి.
డోలుకాని కొడుకు ఫోను పట్టుకుంటే
ఎవురో కుర్రోడు చూసి వాయిస్తున్నాడు అప్పగింతలు.
స గ రి గ మ, ప ద ప
అని ఎక్కి ఎక్కి
పైన అందుకోవాల్సింది
దబ్బున కింది సా మీద కూలబడింది.
పందిట్లో గుక్క ఆగింది.
పెండ్లికూతురి మేనత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

ఫోను అడిగి చూసినాను.
నా కామాలే. నా నలిగిన సున్నాలే. అరవయ్యొకటో పేజీ.
పైన నాయన పేరు గోకేసి
ఏదో అకాడమీ పేరు, డబ్బులేసే నంబరు.
అడుగున లావుగా 'కాపీ చేయరాదు'.
మూడో వరస చివర సా, బోడితలతో.

ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిస్తే
చుక్క ఉంది.
గోటితో గీరినా పోలేదు.

కుళ్లాయమ్మతో చెప్పినాను.
చానాసేపు మాట్లాడలేదు.
"కూతురు పోతాంటే తలెత్తుకోని పోవల్లని
పైకి కట్టినాడు మా నాయన.
పేరు గీకినోనికి నోటీసు పంపిద్దాం.
ఆ తప్పు మటుకు నీ సొంతమన్నా.
దానికైనా నీకు హక్కుంటాది."
నవ్వుతూ అన్నదో లేదో,
కటింగు మిషను మోతలో తెలీలేదు.
మెట్లు దిగి మళ్లీ ఎక్కొచ్చి అడిగింది,
"ఆ మేనత్త నిజంగా ఏడ్చిందా?"

సా మీద చుక్క పెట్టినాను.
బోడి సా ఉన్న ఫైలు చెరిపేయబోయి ఆగినాను.
ఏ పేరుతో దాచాలని అడుగుతోంది కంప్యూటరు.
కీబోర్డు బోర్లించి
ఇంకొకసారి తట్టినాను.